మొద్దులెక్కిన కారు

అర్మాస్ లెహ్తోలా పొద్దున్నే లేచి ముందు మొహం కడుక్కోడు. గుమ్మం బయట మేకుకి తగిలించిన థర్మామీటరు చూస్తాడు. తర్వాత వంగి మెట్టు రాతిని అరచేత్తో తడుముతాడు. ఆ తర్వాత ముక్కెత్తి గాలి పీలుస్తాడు. అక్టోబరు సగం గడిచిన దగ్గర్నుంచి రోడ్డు మీద మొదటి ఉప్పు పడేదాకా ఏటా అతనికి ఇదే నిత్యపూజ. ఆ గురువారం థర్మామీటరు సున్నాకి ఒక్క గీత పైన ఉంది. రాయి తడిగా ఉంది. గాలి సముద్రం వైపు నుంచి మళ్ళి ఉత్తరం పట్టింది.

"ఇవాళ పడుతుంది," అన్నాడు వంటింట్లోకి వస్తూ.

హెల్వి ఏం పడుతుందని అడగలేదు. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో అక్టోబరు నెలలో ఆయన నోట "పడుతుంది" అన్న మాట వస్తే అది వానా కాదు, మంచూ కాదు, రోడ్డు మీద నీళ్లు గడ్డకట్టకుండా మున్సిపాలిటీ లారీ చల్లే ఉప్పే. ఆమె కాఫీ వంచింది. మనిషి పొట్టి. పై అరలో డబ్బా అందుకోవాలంటే ఇప్పటికీ పీట వేసుకోవాల్సిందే. చేతులు మాత్రం పెద్దవి. పాతికేళ్లు బడి వంటశాలలో వందలాది మంది పిల్లలకి గంజీ సూపూ తిప్పిన చేతులు.

అర్మాస్ పంచదార బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని, కాఫీ సాసర్లో పోసుకుని చప్పరించడం మొదలుపెట్టాడు.

"అర్మాస్, ఈ చలికాలం కారు మొద్దులెక్కించకు."

"చూద్దాం."

"నువ్వు చూద్దామన్నావంటే ఎక్కిస్తావని అర్థం. నాకు తెలీదా? ఈసారి చూద్దాం గీద్దాం వద్దు. నాకు అవసరముంది."

ఆ అవసరం ఏమిటో అతనికి తెలుసు. వసంతంలో బడి వంటశాల మూసేశారు. పిల్లల అన్నం ఇప్పుడు ఎక్కడో వండి పెట్టెల్లో లారీ మీద తెస్తున్నారు. హెల్వి మూడు నెలలు ఇంట్లో కూర్చుని, కూర్చోలేక, ముప్ఫై కిలోమీటర్ల అవతల కొయివులా ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో వంట పని సంపాదించుకుంది. రేపే మొదటి రోజు. ఆరింటికల్లా పొయ్యి దగ్గర ఉండాలి. అటు వెళ్ళే పొద్దుటి బస్సు ఆగస్టులోనే ఆపేశారు, సాయంత్రం బస్సొకటే మిగిలింది.

"నీకెందుకే ఆ పని? నా జీతం చాలట్లేదా మనకి?" అన్నాడు. ఈ మాట అనడం ఇది నాలుగోసారి.

"చాలుతుంది. నాకే పొద్దు చాలట్లేదు."

"అయితే తెల్లారగట్ల నేను దింపి రావాలంటావు. రోజుకి అరవై కిలోమీటర్లు, ఉప్పులో."

"నువ్వు దింపక్కర్లేదు."

"మరి?"

"సాయంత్రం చెప్తా. కాస్త పెందలాడే రా. దాల్చినచెక్క రొట్టెలు చేస్తున్నా." చెప్పేసి అటు తిరిగి గిన్నెలు కడగడంలో పడింది. ఆమె మొహంలో నవ్వుందని అర్మాస్‌కి తర్వాత తట్టింది. అప్పటికి అతని చూపు కిటికీలోంచి షెడ్డు మీదుంది.

షెడ్డులో ఎర్ర కారు ఉంది. పదమూడేళ్ల కిందట కొత్తది కొన్నాడు. ఇప్పటికీ కొత్తదే అని అందరూ అంటారు, అందులో అబద్ధం లేదు. ఆ వీధిలో ఆ యేడు కొన్న కార్లన్నీ చక్రాల పైన అంచులు తినేసి, తలుపుల కింద పొక్కులు లేచి, ఎప్పుడో పాత ఇనుముకి పోయాయి. అర్మాస్ కారు అడుగున పడుకుని చూస్తే అద్దంలోలా మొహం చూసుకోవచ్చు. రహస్యమేమీ లేదు, అది చలికాలం మొహం ఎరగదు. ఏటా మొదటి ఉప్పు పడకముందే దాన్ని నాలుగు బర్చి చెట్టు మొద్దుల మీదికి ఎత్తేస్తాడు. చక్రాలు విప్పి గోడకి ఆనిస్తాడు. ఎలకలు దూరకుండా పొగగొట్టంలో పాత ఉన్ని మేజోడు కుక్కుతాడు. బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి బట్టల బీరువా అడుగున చాప వేసి పెడతాడు. వెచ్చగా, పసిపిల్ల మాదిరిగా. మే నెలలో వానలు రోడ్లన్నీ కడిగేశాక మళ్ళీ దింపుతాడు. ఆ ఏడు నెలలూ అతను మేకుల టైర్ల సైకిలు మీద పనికి పోతాడు, హెల్వి నడిచి పోయేది. రానూపోనూ ఆరు కిలోమీటర్లు. తాను సుఖపడి పెళ్ళాన్ని నడిపించాడని ఎవరూ అనలేరు. కష్టం ఇద్దరికీ సమానంగానే పంచాడు.

ఇదంతా పిచ్చి అని నవ్వేవాళ్ళకి మొదటి కారు సంగతి తెలీదు. తెలిసినవాళ్ళు మరీ నవ్వుతారు. అడవిలో మూడేళ్లు చెట్లు కొట్టి కూడబెట్టిన డబ్బుతో కుర్రతనంలో కొన్న కారది. నాలుగు చలికాలాల్లో ఉప్పు దాన్ని కొరుక్కు తినేసింది. పెళ్ళైన ఐదో ఏట చర్చి నుంచి వస్తూంటే, ఊరి నడిబొడ్డున, హెల్వి కాళ్ళ కింద కారు అడుగు రేకు ఊడి రోడ్డు మీద పడిపోయింది. ఆదివారం బూట్లు రెండూ కన్నంలోంచి కిందికి దిగి రోడ్డు మీద చప్పుడు చేశాయి. బండి ఆగేలోపల ఆమె నాలుగడుగులు నడిచింది కూడా. జనం ముక్కున వేలేసుకున్నారు, ఆ తర్వాత పొట్టలు పట్టుకున్నారు. "అర్మాస్ పెళ్ళాం కార్లో నడుచుకుంటూ పోతుంది" అన్న మాట పదేళ్లు బతికింది. అందరికంటే ఎక్కువ నవ్వింది హెల్వే. అర్మాస్ నవ్వలేదు. ఆ మరుసటి నెలే తుప్పు పని నేర్చుకోవడానికి చేరాడు.

ఇరవై తొమ్మిదేళ్లుగా అదే పని, అదే వెనక గది. ఊరి చివర పాత పాల కేంద్రం పక్కన ముగ్గురు పనిచేసే చిన్న వర్క్‌షాపు. ముందు గదిలో ఇంజిన్లు, మధ్య గదిలో టైర్లు, వెనక గదిలో అర్మాస్. కారు వచ్చిన రోజున వేడినీళ్లు కొట్టి అడుగంతా కడుగుతాడు. కడిగిన రోజున ముట్టడు. రాత్రంతా వెచ్చటి గదిలో ఫ్యాన్ల కింద ఆరాలి. తడి మీద పూత వేస్తే తుప్పుకి దుప్పటి కప్పి జోకొట్టినట్టేనని, పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల కాగితమై పోతుందని, తొందరపడే ప్రతివాడికీ చెప్తాడు. మర్నాడు కారుని పైకెత్తి, తలుపుల కింద పొడుగునా ఉండే బోలు ఇనప దూలాన్ని వేలి కణుపుతో తట్టుకుంటూ పోతాడు. మంచి ఇనుము గట్టిగా పలుకుతుంది. పాడైంది మొహమాటంగా పలుకుతుంది. ఆ తేడా వినడానికి రేడియో కట్టేయమని ముందు గదివాళ్ళ మీద కేకలేస్తాడు. తర్వాత సన్నటి పొడుగాటి గొట్టాన్ని చిల్లులోంచి లోపలికి దూర్చి పల్చటి మైనం చిమ్ముతాడు, అడుగుకి చిక్కటి నల్ల పూత పూస్తాడు, చిల్లులకి రబ్బరు బిరడాలు బిగిస్తాడు. ఆ నలుపు అతని గోళ్ళలో, మెడ మడతల్లో, మోకాళ్ల దగ్గర ప్యాంటులో స్థిరపడిపోయింది. హెల్వి అతని దిండు గలీబు వేరే ఉతుకుతుంది.

ఆ రోజు లిఫ్టు మీదున్నది డ్రైవింగు స్కూలు కారు. ముందు రోజు కడిగి ఆరబెట్టిందే. పదింటికి చివరి బిరడా బిగించి దింపుతూండగా స్కూలు నడిపే ఒస్మో వచ్చాడు. అర్మాస్‌తో ఒకే బడిలో చదివినవాడు. నాలుక మీద నరం లేని మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు.

"ఎలా ఉందిరా నా ముసల్ది?"

"ఇంకో నాలుగేళ్లు బతుకుతుంది. నీ పిల్లకాయలు బ్రేకులు తొక్కి తొక్కి చంపేస్తున్నారు గానీ, దీనికి తుప్పు పెద్ద లెక్క కాదు. ముందున్న లైటు ఎర్రబడితే వంద గజాల ముందే కాలు ఎత్తేయమని చెప్పవేంట్రా? పెట్రోలు నీ బాబు సొమ్మా?"

ఒస్మో పకపకా నవ్వాడు. "సరిగ్గా ఇవే మాటలు! బాబు సొమ్ముతో సహా! నీ పెళ్ళాం నాకు అప్పజెప్పిందివే."

అర్మాస్ చేతిలో గుడ్డ ఆగింది. "నా పెళ్ళాం నీకెందుకు అప్పజెప్పింది?"

"నేర్పుదామని కూచుంటే నాకే నేర్పింది మహాతల్లి. పెడల్ కింద కోడిగుడ్డుందనుకోవాలంట. గేరు తొందరగా మార్చి ఇంజిన్ని గొణుక్కోనివ్వాలి గానీ అరవనివ్వకూడదంట. పొద్దున్నే చలిలో ఇంజిన్ని నిలబెట్టి వేడెక్కించడం దండగ, ముందే కరెంటు తీగ తగిలించి వెచ్చబెట్టి ఉంచి వెంటనే మెల్లగా కదలాలంట. ఎక్కడ నేర్చావమ్మా అంటే, ముప్ఫై నాలుగేళ్లు పక్కసీటులో కూచున్నానంది. పరీక్ష తీసుకున్నాయన ఇంత పొదుపుగా నడిపినోళ్ళని ఈ ఏడాది చూళ్ళేదన్నాడు. మొదటిసారికే పాసు! యాభై ఎనిమిదేళ్ల మనిషి!" అప్పటికి అర్మాస్ మొహం చూశాడు. "ఏంట్రా... నీకు చెప్పలేదా?"

"చెప్పింది," అన్నాడు అర్మాస్.

"మరి చెప్పనట్టు చూస్తావేం? సర్లే, నేనన్నానని అనకు." ఒస్మో తాళాలు తీసుకుని, జన్మలో మొదటిసారి తక్కువ మాట్లాడి వెళ్ళిపోయాడు.

జూన్ నుంచి మంగళవారం, గురువారం సాయంత్రాలు హెల్వి చర్చి కుట్టుపని బృందానికి వెళ్తోంది. వెళ్తున్నానంది. ఒక్క రుమాలు కూడా కుట్టి తేలేదని అర్మాస్ ఎన్నడూ గమనించలేదు.

మధ్యాహ్నం బఠాణీ సూపు దగ్గర టైర్ల గది కెలెర్వో, వెనక గది మాటలు విన్నాడో ఒస్మోయే పోతూ పోతూ చెప్పాడో, చెంచా పైకెత్తి అన్నాడు: "ఏం పెద్దాయనా, రేపట్నుంచి నిన్ను పక్కసీటులో కూచోబెడుతుందంటగా అక్క? పక్కన కూచుని బ్రేకేసుకో మరి, అక్కడ పెడల్ ఉండదు!"

ఇంజిన్ల మనిషి కూడా నవ్వాడు. అర్మాసూ నవ్వినట్టే పెదాలు కదిపాడు. సూపు మీద ఆవాల ముద్ద ఎక్కువ వేసుకున్నాడేమో, కళ్ళల్లో నీళ్లు తిరిగాయి. ఊరందరికీ తెలుసు. ఇంట్లో బీరువాలో ఏ మూల ఏ బిరడా ఉందో తెలిసిన తనకి మాత్రం తెలీదు. అదే పుండు మీద కారంలా మండింది. ఆమె నేర్చుకోవడం తప్పని అతను అనుకోలేదు. అడిగి ఉంటే వద్దనేవాడు, అది వేరు. వద్దంటానని తెలిసి అడగలేదు, అది ఇంకా మంట. ఇన్నేళ్లూ పక్కసీటులో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి అతని కాలు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో లెక్కపెడుతూ కూర్చుందన్నమాట. అతని విద్యంతా అతను ఇవ్వకుండానే పట్టుకుపోయింది.

ఆ మధ్యాహ్నం ఒక టీచరమ్మ కారుకి ఎడమ దూలంలో రెండుసార్లు మైనం చిమ్మి, కుడి దూలం అసలు చిమ్మకుండానే బిరడాలు బిగించేశాడు. దింపబోతూ తట్టి చూస్తే పలుకు తేడాగా వినిపించింది. మళ్ళీ విప్పి చేశాడు. ఇరవై తొమ్మిదేళ్లలో అలాంటిది జరగలేదు.

నాలుగున్నరకి పని బట్టలు మార్చుకోకుండానే సైకిలెక్కాడు. పెందలాడే రమ్మందనే వెళ్తున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. కానీ దారంతా చూసింది రోడ్డు పక్క గుంటల్లో నీళ్ల వైపే. నీళ్ల అంచున మీగడలా పల్చటి మంచు కట్టడం మొదలైంది.

ఇంటి ముందుకి వచ్చేసరికి వెలుతురు పోతోంది. దాల్చినచెక్క వాసన వాకిలి దాకా వచ్చింది. వంటింటి కిటికీలో దీపం ఉంది. అర్మాస్ గుమ్మం ఎక్కలేదు. సైకిలు గోడకి ఆనించి తిన్నగా షెడ్డుకి నడిచి, దీపం వేసి, జాకీ దించాడు.

హ్యాండ్‌బ్రేకు చూద్దామని కారు తలుపు తీశాడు. డ్రైవరు సీటు ముందుకి జరిపి ఉంది. లోపలి అద్దం కిందికి వంచి ఉంది. సీటు మీద ఒక దిండు కట్టి ఉంది. మూడు వేళ్ల మందం, నాలుగు మూలలా నాడాలు. నీలం ఉన్ని గుడ్డ. తన పెళ్ళి కోటు గుడ్డ అని పోల్చుకోవడానికి అతనికి ఒక నిమిషం పట్టింది. అంచులంతా చిన్న చిన్న కుట్లు, ఒక మూల ఎర్ర దారంతో ఆమె పేరు మొదటి అక్షరం. పొట్టి మనిషికి స్టీరింగు పైనుంచి రోడ్డు కనపడటానికి కుట్టిన దిండు. కుట్టుపని బృందంలో ఒక్కటైనా కుట్టిందన్నమాట.

ఆమె దాని మీద కూర్చుని ఉంటుంది ఇవాళ. తాళం తిప్పకుండా, రెండు చేతులూ చక్రం మీద పెట్టి, షెడ్డు గోడకేసి చూస్తూ. అర్మాస్‌కి ఆ బొమ్మ కళ్ళకి కట్టింది. గుండెలో ఏదో మెత్తబడబోయింది కూడా. ఆ క్షణాన వీధిలో ఎవరిదో కారు పోయింది. చక్రాల కింద తడి రోడ్డు చిటపటలాడింది. ఆ చప్పుడు అతనికి తెలుసు, గడ్డకట్టబోయే నీటి చప్పుడు. ఇంకో రెండు మూడు గంటల్లో లారీ వచ్చేస్తుంది. రేపు తెల్లారి ఈ కారు అరవై కిలోమీటర్లు ఉప్పు బురదలో దొర్లుతుంది. ఎల్లుండీ అంతే. ఏప్రిల్ దాకా అంతే. పదమూడేళ్లు కాపాడింది ఒక్క చలికాలంలో పోతుంది.

అద్దం పైకి తిప్పాడు. సీటు వెనక్కి జరిపాడు. నాడాలు విప్పి దిండు బయటకి తీశాడు.

జాకీ పెట్టి బోల్టులు వదులు చేస్తూంటే మోకాళ్ల కింద నేల చల్లగా, ముళ్ళలా గుచ్చుకుంది. షెడ్డు మూల పాత గోనెపట్టా ఉంది. అది ఏడడుగుల దూరంలో ఉంది. దిండు చేతికి అందేంత దగ్గర్లో ఉంది. ఏమీ తోచక చేసిన పని కాదది. అదేమిటో ఎరిగే లాక్కుని మోకాళ్ల కింద వేసుకున్నాడు. మెత్తగా ఉంది. తర్వాత దులిపి ఇద్దాంలే అనుకున్నాడు.

రెండో చక్రం విప్పుతూంటే వంటింటి కిటికీలో దీపానికి అడ్డంగా నీడ నిలబడింది. అర్మాస్ తలెత్తలేదు. మూడో చక్రం దగ్గరికి దిండు ఈడ్చుకుని జరిగాడు. అప్పటికి నీడ లేదు. నాలుగో చక్రం విప్పి, నాలుగు మొద్దుల మీదా కారు సమంగా కూర్చుందో లేదో భుజంతో నెట్టి చూశాడు. మేజోడు కుక్కాడు. అడుగంతా ఒకసారి వేలితో తట్టుకుంటూ వచ్చాడు. అంతా గట్టిగా పలికింది. ఆ పలుకు ఏటా అతనికి ఒళ్ళు పులకరించేంత హాయి. ఈసారీ అంతే హాయిగా ఉంది, దాచుకోవడం దేనికి.

బ్యాటరీ పొట్టకి ఆనించి పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. దిండు చంకలో ఉంది.

బల్ల మీద బంగారు అంచు కప్పులున్నాయి. అవి చుట్టాలొస్తే తప్ప బయటికి రావు. పళ్ళెం నిండా రొట్టెలు. అతని సాసరు పక్కన గులాబి రంగు లైసెన్సు అట్టముక్క, దాని మీద బిగుసుకుపోయి నవ్వుతున్న హెల్వి ఫొటో. హెల్వి మాత్రం కోటు వేసుకుని నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర చిన్న సూట్‌కేసు.

"ఒస్మో చెప్పాడు," అన్నాడు అర్మాస్.

"చెప్పాడా." ఆమె అతని చంకలో దిండు కేసి చూసింది. "అయితే తెలిసే ఎక్కించావా?"

"ఉప్పు పడుతోంది హెల్వీ."

"నేను తెలీక ఎక్కిస్తున్నావనుకున్నా. పరిగెత్తుకొచ్చి చెప్పేద్దామని చెప్పులు కూడా వేసుకున్నా. అప్పుడు ఆ దిండు కనిపించింది నీ మోకాళ్ల కింద." గొంతు పెంచలేదు. "దాని మీద పేరుంది. చూశావా?"

"కింద చల్లగా ఉంది."

"ఉంటుంది. ఇన్ని చలికాలాలు నడిచాగా, నాకు తెలుసు కింద ఎంత చల్లగా ఉంటుందో."

బ్యాటరీ ఇంకా అతని పొట్టకే ఆనించి ఉంది. దించాలంటే చాప ఇంకా వేయలేదు. ఏటా చాప వేసేది హెల్వే.

"అక్కడ మేడ మీద గది ఉంది, పనివాళ్ళకి. వద్దన్నాను. మా ఇంట్లో కారుంది, నేనే నడుపుకుంటూ వస్తానని గొప్పగా చెప్పుకున్నా. నువ్వు మూడో చక్రం విప్పుతూంటే ఫోను చేసి, గది ఉంచమన్నా."

"మరి ఎప్పుడొస్తావు?"

"మేలో. ఉప్పు కడిగేశాక."

ఆమె అలాంటి హాస్యాలు ఎన్నో ఆడేది. ఇదీ అలాంటిదేనేమోనని అర్మాస్ ఆమె పెదాల కేసి చూశాడు. అక్కడ నవ్వు లేదు. ఆమె బల్ల మీది అట్టముక్క తీసి చేతిసంచీలో వేసుకుంది. సూట్‌కేసు పుచ్చుకుంది. తలుపు దగ్గర ఆగి, "కాఫీ చల్లారిపోతుంది, తాగు," అని తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. కోపంగా వేసినా బాగుండేది.

అతను బ్యాటరీ నేల మీదే పెట్టి, పక్కన దిండు పడేసి, కూర్చుని కాఫీ తాగాడు. ఒక రొట్టె తిన్నాడు. అది వెచ్చగా, చాలా బాగుంది. రెండోది చేతిలోకి తీసుకుని, ఇది ఎందుకు చేసిందో గుర్తొచ్చి, మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. గోడ గడియారం ఆరూ ఇరవై ఐదు చూపిస్తోంది. బస్సు ఆరూ నలభైకి.

అర్మాస్ ఒక్క ఉదుటున లేచి షెడ్డుకి పరిగెత్తాడు. పరిగెత్తి చాలా కాలమైంది, రొప్పొచ్చింది. గోడకి ఆనించిన చక్రం దొర్లించుకొచ్చి ముందు ఎడమ వైపు ఎక్కించాడు. ఒక బోల్టు బిగించాడు. చక్రాలు నాలుగు, బోల్టులు పదహారు, బ్యాటరీ ఇంట్లో. ఈ లెక్క అతని కంటే బాగా ఎవరికి తెలుసు? నలభై నిమిషాల పని, ఎంత తొందరపడ్డా. అయినా రెండో బోల్టు బిగించాడు. వేళ్ళు కొయ్యబారి మూడోది రెండుసార్లు జారి పడింది. అది ఎక్కేసరికి వీధి మలుపులో బస్సు లైట్లు కనిపించాయి.

బస్సు అతని గేటు ముందు నుంచే పోతుంది. లోపల అంతా వెలుగు. డ్రైవరు వెనక మొదటి సీటులో హెల్వి, ఒళ్ళో చేతిసంచీ, ముందు రోడ్డునే చూస్తోంది. ఎప్పుడూ అలాగే చూసేది. ఇంటివైపు తల తిప్పలేదు. అర్మాస్ చేతిలో స్పానరు పైకెత్తాడు. పిలవడానికో ఆపడానికో అతనికే తెలీదు. బస్సు లోపలి వెలుగులో కూర్చున్నవాళ్ళకి బయట అతను కనపడడు కూడా.

బస్సు పోయిన పావుగంటకి నారింజ రంగు దీపం తిప్పుకుంటూ లారీ వచ్చింది. తాపీగా, ఎవరి మీదా పగలేనట్టు. వెనక పళ్ళెం గిరగిరా తిరుగుతూ ఉప్పు విసురుతోంది. నాలుగు గింజలు గేటు ఇనుముకి తగిలి, చేటలో బియ్యం ఎగరేసినట్టు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు వింటూనే అర్మాస్ వంగాడు. అతని చెయ్యి ఆ మూడు బోల్టులనీ ఒక్కొక్కటే విప్పింది. చక్రం తీసి గోడకి ఆనించాడు. ఎందుకు విప్పావని అడిగేవాళ్ళూ లేరు.

ఇంట్లోకి వచ్చి చాప తనే వెతికి వేశాడు. బ్యాటరీ బీరువాలో సర్దాడు. సగం ఖాళీ అయిన అరలు చూడకుండా తలుపు మూశాడు. తర్వాత దిండు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి సబ్బు రుద్దాడు. మట్టి పోయింది. నలుపు పోలేదు. తన ప్యాంటు మోకాళ్ల నుంచి అంటిన పూత అది. వేడినీళ్లు పోసి బ్రష్షుతో రుద్దాడు. సీసాలో అడుగున ఉన్న కిరసనాయిలు పోసి రుద్దాడు. నీలం రంగు వెలిసింది, ఎర్ర దారం వదులైంది. నలుపు ఇంకాస్త లోపలికి ఇంకింది. అతనికి తెలుసు అది పోదని. నీళ్ళకీ ఉప్పుకీ కాలానికీ పోని పూత పూస్తాడనే కదా ఇన్నేళ్లూ జనం అతని దగ్గరికి వచ్చింది.

ఇక చాలించి, దిండుని పొయ్యి మీది తీగకి నాడాలతో కట్టి ఆరేశాడు. దాని మీంచి నీళ్లు ఒక్కో చుక్కే ఇనప పొయ్యి మీద పడి సుయ్‌మంటున్నాయి. తడిసిన నీలం గుడ్డ మీద రెండు మోకాళ్ల ముద్రలు, పక్కపక్కనే, నల్లగా, దిట్టంగా ఉన్నాయి.